పిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్న ఇంటికి చిన్న డిజిటల్ కెమెరా ఎంచుకోవడం ఎలా

కెమెరా పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించేవి రెండే: మెగాపిక్సెళ్లు, జూమ్. ఇంట్లో తీసే ఫోటోలు చెడిపోవడానికి మాత్రం ఆ రెండింటితో దాదాపు సంబంధమే ఉండదు. పొద్దుగూకాక, గదిలో దీపం వెలుతురులో, క్షణం కూడా కుదురుగా ఉండని పాపాయినో కుక్కపిల్లనో తీయాల్సి వచ్చినప్పుడే కెమెరా సత్తా ఏపాటిదో బయటపడుతుంది. ఎండపూట ఆరుబయట నిలబెట్టి తీస్తే ఎంత చవక కెమెరా అయినా చక్కగానే తీస్తుంది. అందుకే ఈ మార్గదర్శి అంతా ఆ దీపం వెలుతురు ఫోటో చుట్టూనే తిరుగుతుంది. దాన్ని తీయగలిగిన కెమెరాకి ఇంట్లో మిగతా ఫోటోలు ఒక లెక్క కాదు.

1. ముందు చెడిపోయిన ఫోటోలు చూడండి

కొనడానికి ముందు, ఫోన్‌లో ఉన్నవాటిలో నచ్చని ఫోటోలు ఓ యాభై ఏరి, ఒక్కోదాన్నీ పెద్దది చేసి చూడండి. ఏది ఎందుకు చెడిందో ఫోటోయే చెబుతుంది.

సోఫా, గోడ స్పష్టంగా ఉండి పిల్లాడి చెయ్యి మాత్రం సాగదీసినట్టు కనిపిస్తే షట్టర్ వేగం చాలలేదని అర్థం. ఫోటో మొత్తం ఒకే దిక్కుకు సాగి ఉంటే తీసినవారి చెయ్యి కదిలింది. వెనక కర్టెన్ మడతలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉండి ముందున్న పిల్లి మొహం మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. ఇసక చల్లినట్టు గరుకుగా ఉన్నా, చర్మం మైనం పూసినట్టు నున్నగా ఉన్నా వెలుతురు చాలలేదు. ఆ నునుపు, గరుకుని కప్పెట్టడానికి సాఫ్ట్‌వేర్ చేసిన పని. కుక్క తోక రెండుగా కనబడితే అది ఫోన్ చేసిన తప్పు. ఫోన్లు తక్కువ వెలుతురులో గబగబా చాలా ఫోటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫోటోగా కలుపుతాయి. కుదురుగా ఉన్నవాటికి ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. కదిలే తోకకి పనిచేయదు.

మొదటి నాలుగు రకాలే ఎక్కువగా ఉంటే ఈ కింద చెప్పేవన్నీ మీకు పనికొస్తాయి. ఎక్కువ భాగం తలలు తెగినవో, వెనక కిటికీ వెలుగుకి మొహాలు నల్లబడినవో అయితే కెమెరా మార్చినా అవి అలాగే వస్తాయి, అప్పుడు డబ్బు ఖర్చు పెట్టకండి. ఫోటోలన్నీ పగటిపూట బయట తీసేవే అయి, ఫోన్ తెరమీదే చూసేవైతే మంచి ఫోన్ ఒకటి చాలు.

2. దీపం వెలుతురు లెక్క

ఇదొక్కటీ ఒంటబట్టిందంటే మిగతా ఎంపిక సులువు. ఫోటోకి వెలుతురు మూడు చోట్ల కుదరాలి. లెన్స్ ఎంత తెరుచుకుంటుంది అనేది అపెర్చర్, ఎఫ్/1.8 లాగా అంకె చిన్నదయ్యేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు ఎక్కువ. ఎంతసేపు తెరిచి ఉంటుంది అనేది షట్టర్ వేగం. సెన్సర్ (వెలుతురుని బొమ్మగా మార్చే చిప్) ఇచ్చిన సంకేతాన్ని ఎంత పెంచుకుంటున్నాం అనేది ఐఎస్‌ఓ.

రాత్రిపూట మామూలు దీపాలున్న గదిలో, ఐఎస్‌ఓ 1600 పెట్టి, లెన్స్‌ని ఎఫ్/2 దాకా తెరిస్తే షట్టర్ వేగం సుమారు 1/125 సెకను వస్తుంది. అదే గదిలో, అదే ఐఎస్‌ఓతో, ఎఫ్/5.6 వరకే తెరుచుకునే లెన్స్ అయితే 1/15 సెకనుకి పడిపోతుంది. ఎనిమిది రెట్లు తేడా.

చెయ్యి ఊపుతున్న పిల్లాడిని ఊహించుకోండి. చెయ్యి సెకనుకి ఒక మీటరు వేగంతో కదులుతోందనుకుంటే, 1/15 సెకనులో దాదాపు ఏడు సెంటీమీటర్లు జరిగిపోతుంది. వేళ్లు కనబడవు, ఓ మసక చార మిగులుతుంది. 1/125లో ఎనిమిది మిల్లీమీటర్లు, 1/250లో నాలుగు. కూర్చుని కబుర్లాడేవాళ్లకి 1/125 సరిపోతుంది. ఆడుకునే పిల్లలకి, బొమ్మతో పోట్లాడే పిల్లికి 1/250 కావాలి. పరుగెత్తే పిల్లలకి 1/500, బంతి వెంట దూకే కుక్కకి 1/1000.

ఇక్కడే ఒక అపోహ తీర్చుకోవాలి. చెయ్యి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఉంటే మసక రాదని అమ్మకందార్లు తరచూ చెబుతుంటారు. అది మీ చెయ్యి వణుకునే సరిచేస్తుంది, ఎదురుగా ఉన్న కుక్క కదలికని ఆపలేదు. 1/15 సెకను దగ్గర స్టెబిలైజేషన్ వల్ల సోఫా అద్దంలా వస్తుంది. దాని మీద గెంతే కుక్క మాత్రం అలాగే చెదిరిపోయి ఉంటుంది.

3. సెన్సర్, అపెర్చర్ రెండూ కలిపి చదవండి

సెన్సర్ ఎంత పెద్దదైతే అంత వెలుతురు పడుతుంది, గరుకు అంత తగ్గుతుంది. చిన్న కెమెరాల్లో మీకు తగిలేవి ముఖ్యంగా మూడు. 1/2.3 అంగుళాల సెన్సర్ వైశాల్యం దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. 1 అంగుళం సెన్సర్‌ది 116. ఏపీఎస్-సి సెన్సర్‌ది కంపెనీని బట్టి 330 నుంచి 370. ఒక్కో మెట్టుకీ మూడు నాలుగు రెట్లు పెరుగుతుందన్నమాట. (1 అంగుళం సెన్సర్‌లో ఏ కొలత చూసినా అంగుళం ఉండదు, అసలు పరిమాణం 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పాతకాలపు వీడియో కెమెరా ట్యూబుల బయటి కొలత నుంచి వచ్చిన పేరది, అలాగే స్థిరపడిపోయింది.)

ఇప్పటి ఖరీదైన ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ చాలావాటిలో 1/1.3 అంగుళాల దాకా, కొన్నింటిలో 1 అంగుళం దాకా కూడా ఉంటోంది. అంటే 1/2.3 అంగుళాల సెన్సర్ ఉన్న కెమెరా కొంటే రాత్రిపూట ఇంట్లో ఫోన్ కన్నా మెరుగు పడేదేమీ ఉండదు, వెనక్కి పోయినా ఆశ్చర్యం లేదు. అలాంటి కెమెరాని పొడవైన జూమ్ కోసమో, నీళ్లలో తడవడానికో కొనవచ్చు, గదిలో ఫోటోల కోసం మాత్రం వద్దు. ఇంటికి కనీసం 1 అంగుళం సెన్సర్ చూడండి.

పెద్ద సెన్సర్ ఉంటే చాలనుకోవడం కూడా తప్పే. లెన్సులు మార్చుకునే ఏపీఎస్-సి కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే చిన్న జూమ్ లెన్స్ చాలాచోట్ల ఎఫ్/4.5 దగ్గర మొదలై, జూమ్ చేస్తే ఎఫ్/6.3కి వెళ్తుంది. 1 అంగుళం సెన్సర్ ఉన్న మంచి జేబు కెమెరాలో లెన్స్ ఎఫ్/1.8 దగ్గర మొదలవుతుంది. ఎఫ్/4.5తో పోలిస్తే ఎఫ్/1.8 ఆరు రెట్లకు పైగా వెలుతురు లోపలికి పంపుతుంది, ఏపీఎస్-సి సెన్సర్ మూడు రెట్లే పెద్దది. అంటే పెట్టెలో వచ్చిన లెన్స్‌తో వాడినంత కాలం, దీపం వెలుతురులో పెద్ద కెమెరా కన్నా జేబు కెమెరాయే నయం. పెద్ద కెమెరా కొనేవాళ్లు దానితో పాటు ఎఫ్/1.8 స్థాయి సింగిల్ లెన్స్ (జూమ్ లేనిది) కూడా లెక్కలో వేసుకోవాలి, లేదంటే కొన్న ప్రయోజనం నెరవేరదు. చాలామంది ఇక్కడే మోసపోతారు, దుకాణంలో ఎవరూ చెప్పరు కూడా.

లెన్స్ చుట్టూ చెక్కి ఉండే అంకెలు చదవడం నేర్చుకోండి. "1:1.8–2.8" అని ఉంటే జూమ్ చేయనప్పుడు ఎఫ్/1.8, పూర్తిగా జూమ్ చేసినప్పుడు ఎఫ్/2.8 అని. "1:3.3–6.4" లాంటి అంకెలు కనిపిస్తే రాత్రి ఫోటోలకి ఆ కెమెరా కాదని అక్కడే తేలిపోయింది.

మెగాపిక్సెళ్ల సంగతి ఒక్క ముక్కలో: 6×4 అంగుళాల ప్రింటుకి 2 మెగాపిక్సెళ్లకు కాస్త పైన, ఏ4 కాగితం నిండా వేయించడానికి 9 చాలు. ఈ రోజు దొరికే అసలైన కెమెరాలన్నిటిలో అంతకన్నా ఎక్కువే ఉంటాయి, ఇక వాటి గురించి ఆలోచించకండి.

4. ఆటోఫోకస్: కన్ను పట్టుకుంటుందా లేదా

వెలుతురు చాలినా ఫోకస్ ముక్కు మీదో చెవి మీదో పడితే ఫోటో పోయినట్టే. ఆటోఫోకస్‌లో రెండు పద్ధతులున్నాయి. కాంట్రాస్ట్ పద్ధతిలో కెమెరా లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరిపి, ఎక్కడ స్పష్టంగా ఉందో వెతుక్కుంటుంది. స్క్రీన్ మీద బొమ్మ ఒకసారి మసకబారి తేటపడటం మీకే కనిపిస్తుంది. కూర్చున్నవాళ్లకి ఇబ్బంది లేదు, ఎదురుగా పరుగెత్తుకొచ్చే పిల్లాడిని మాత్రం ఓ పట్టాన అందుకోలేదు. ఫేజ్ డిటెక్షన్ పద్ధతిలో ఎటు, ఎంత జరగాలో కెమెరాకి ముందే తెలుస్తుంది, తడుముకోకుండా అక్కడికే వెళ్తుంది. కదిలేవాటి కోసం కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో ఈ పేరు వెతకండి.

రెండోది, జంతువుల కళ్లని గుర్తుపట్టే సదుపాయం. మనిషి మొహాన్ని గుర్తించడం పదిహేనేళ్ల నాటి కెమెరాలకీ వచ్చు. కుక్క, పిల్లి మొహం వేరు: ముక్కు ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, కళ్ల చుట్టూ బొచ్చు ఉంటుంది. మామూలు ఆటోఫోకస్ దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది కాబట్టి ముక్కు మీదే వాలుతుంది. జంతువుల కన్ను పట్టే ఫోకస్ 2019 నుంచి మామూలు కెమెరాల్లోకి వచ్చింది. కొన్నింటిలో మనుషులకా జంతువులకా అన్నది మెనూలో మనమే మార్చాలి, కొన్ని తామే తేల్చుకుంటాయి. పాప, కుక్క ఒకే ఫోటోలో ఉండే ఇంట్లో రెండో రకం ప్రాణం హాయి. ఇవన్నీ ప్రధానంగా కుక్కలు, పిల్లులు, పక్షుల కోసం నేర్పినవి. కుందేలు, తాబేలు ఉన్నవాళ్లు దీని మీద ఆశలు పెట్టుకోకుండా, స్క్రీన్ మీద వేలితో తాకి ఫోకస్ పెట్టే సదుపాయం ఉందో లేదో చూసుకోవాలి.

ఫోకస్ ఎంత లోతు వరకు నిలుస్తుందన్నది కూడా కెమెరాని బట్టి మారుతుంది. ఏపీఎస్-సి కెమెరాకి 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలించి మీటరు దూరంలో ఉన్న కుక్కని తీస్తే, స్పష్టంగా వచ్చేది ముందూ వెనకా కలిపి ఆరు సెంటీమీటర్ల మందమే. కన్ను తేటగా ఉంటే ముక్కు కొస కరిగిపోతుంది. చూడటానికి అందమే, కానీ పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు అర అడుగు వెనక్కి ఉంటే ఆ ఒకరు మసకే. 1 అంగుళం సెన్సర్ ఉన్న జేబు కెమెరా, జూమ్ చేయకుండా అదే ఎఫ్/1.8 దగ్గర, అదే దూరంలో దాదాపు అర మీటరు మందాన్ని స్పష్టంగా ఇస్తుంది. కెమెరా సంగతులేవీ పట్టించుకోని ఇంటి మనిషి చేతికిచ్చి తీయించే ఫోటోలకి ఇదే మేలు.

5. జూమ్ ఎంత ఉండాలి

జూమ్‌ని ఎన్ని రెట్లు అని కాకుండా, మి.మీ. అంకెల్లో చదవండి. 35 మి.మీ. ఫిల్మ్‌కి సమానమైన లెక్కలో 24 మి.మీ. దగ్గర చిన్న గదిలో అందరూ పడతారు, అంచుల్లో నిలబడ్డవారి మొహాలు మాత్రం కాస్త సాగుతాయి. 70 నుంచి 100 మధ్య మొహాలు సహజంగా వస్తాయి. ఇంటికి 24–100 ఉంటే నిండుగా సరిపోతుంది. స్టేజి మీద పిల్లల కార్యక్రమాలు, మైదానంలో ఆటలు దూరం నుంచి తీయాలంటే 200 దాకా ఉండాలి. అంతకు మించిన జూమ్ అంటే చిన్న సెన్సర్, ఇరుకు అపెర్చర్ అని ముందే ఊహించుకోవచ్చు.

డిజిటల్ జూమ్ అన్న మాట కనిపిస్తే ఆ అంకెని వదిలేయండి. అది ఫోటో మధ్యభాగాన్ని కత్తిరించి పెద్దది చేయడమే, ఆ పని ఇంటికొచ్చాక మీరూ చేయగలరు.

6. మూడు దారులు

జేబులో పట్టేది: 1 అంగుళం సెన్సర్, ఎఫ్/1.8–2.8 లెన్స్. కెనాన్ పవర్‌షాట్ జీ7 ఎక్స్ మార్క్ 3 (2019) ఈ రకం, 24–100 మి.మీ. జూమ్, 304 గ్రాముల బరువు, పైకి తెరుచుకునే ఫ్లాష్ ఉన్నాయి. దాని ఆటోఫోకస్ కాంట్రాస్ట్ పద్ధతిదే, జంతువుల కళ్లని గుర్తించదు. పిల్లలు కాస్త పెద్దవాళ్లై, కూర్చోమంటే కూర్చునే ఇంటికి బాగుంటుంది. అదే ఏడాది వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7కి ఫేజ్ డిటెక్షన్, జంతువుల కన్ను పట్టడం, 24–200 మి.మీ. జూమ్ ఉన్నాయి. దాని లెన్స్ ఎఫ్/2.8–4.5, అంటే గదిలో వెలుతురు దగ్గర కొంత వదులుకోవాలి. పగటిపూట పరుగెత్తే కుక్కకి రెండోది, రాత్రి డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చున్న కుటుంబానికి మొదటిది. రెండూ ఒకేదాంట్లో దొరకడం అరుదు కాబట్టి, మొదటి అడుగులో ఏరిన యాభై ఫోటోలు ఎటు మొగ్గుతున్నాయో చూసి తేల్చుకోండి.

లెన్సు మార్చుకునేది: కెనాన్ ఈఓఎస్ ఆర్50 (2023) లాంటి చిన్న ఏపీఎస్-సి కెమెరా. లెన్స్ లేకుండా 375 గ్రాములు, మనుషుల్నీ జంతువుల్నీ గుర్తుపట్టే ఫేజ్ డిటెక్షన్ ఆటోఫోకస్ ఉంది. జంతువులు, చిన్నపిల్లలు రెండూ ఉన్న ఇంటికి మా మొగ్గు దీనికే, అయితే పైన చెప్పిన షరతు మీద: ఎఫ్/1.8 స్థాయి లెన్స్ కొనే ఉద్దేశం ఉండాలి. కెనాన్‌కి 35 మి.మీ. ఎఫ్/1.8, సోనీ ఏ6400 లాంటివాటికి 35 మి.మీ. ఎఫ్/1.8, నికాన్ జెడ్50 వంటివాటికి 24 మి.మీ. ఎఫ్/1.7 ఉన్నాయి. గదిలో అవి, బయట పెట్టెలో వచ్చిన జూమ్ లెన్స్.

మూడోది, నీళ్లకీ దెబ్బలకీ తట్టుకునేది. ఓఎం సిస్టమ్ టీజీ-7 (2023) 15 మీటర్ల లోతు నీళ్లలో పనిచేస్తుంది. పిల్లల చేతికే ఇచ్చేయడానికి, కుక్కకి స్నానం చేయించేటప్పుడు తీయడానికి దీనికి సాటి లేదు. సెన్సర్ చిన్నది, రాత్రి గదిలో ఆశ పెట్టుకోవద్దు.

ఫ్లాష్, వ్యూఫైండర్, స్క్రీన్ సంగతి ఇక్కడే ముగిద్దాం. నేల మీద పిల్లి ఎత్తులో తీయాలంటే పైకి తిరిగే స్క్రీన్ తప్పనిసరి. ఎండలో స్క్రీన్ కనిపించదు, వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ) ఉంటే మంచిది, లేకపోయినా బతకొచ్చు. లెన్స్ పక్కనే ఉండే ఫ్లాష్ వల్ల మనుషుల కళ్లు ఎర్రగా వస్తాయి. కుక్క, పిల్లి కళ్లలో రెటీనా వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది కాబట్టి పచ్చగానో పసుపుగానో మెరుస్తాయి, రెడ్-ఐ సవరణకి ఆ రంగు లొంగదు. ఫ్లాష్ వెయ్యకుండా గడుపుకోగల కెమెరా కొనడమే దానికి మందు.

7. పొరపాటున కూడా కొనకూడనివి

ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెల్, 64 మెగాపిక్సెల్, 16 రెట్లు జూమ్ అంటూ ముద్దొచ్చే రంగుల్లో చాలా చవకగా కనిపించే పేరూ ఊరూ లేని కెమెరాలున్నాయి. వాటి వివరాల్లో సెన్సర్ పరిమాణం కోసం వెతకండి, ఉండదు. అపెర్చర్ ఉండదు. జూమ్ డిజిటల్. లోపల ఉన్నది వేలి గోరంత కూడా లేని సెన్సర్; అది ఇచ్చిన చిన్న బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 48 అని రాస్తారు. పేరున్న 1 అంగుళం కెమెరాలు సాధారణంగా 20 మెగాపిక్సెళ్లే ఇస్తాయని గుర్తుంచుకుంటే ఈ అంకెల గారడీకి పడిపోరు.

2005–2010 నాటి పాత కెమెరాల మీద ఈ మధ్య మోజు పెరిగింది. వాటి రంగులు నచ్చితే సరదాకి ఒకటి తీసుకోండి, ఇంటి ప్రధాన కెమెరాగా వద్దు. కొనే ముందు కార్డు సంగతి చూడాలి: మరీ పాతవి 2 జీబీ దాకా ఉండే ఎస్‌డీ కార్డులే చదువుతాయి, ఆ తర్వాతవి 32 జీబీ ఎస్‌డీహెచ్‌సీ దాకా. ఎక్స్‌డీ కార్డు, మెమరీ స్టిక్ వాడే మోడళ్లకి కార్డు వెతకడమే ఓ పని.

వాడిన కెమెరా ఏదైనా సరే చేతికి తీసుకోకుండా డబ్బు కట్టకండి. పదిసార్లు ఆన్ ఆఫ్ చేయండి. లెన్స్ గొట్టం బయటికి వచ్చేటప్పుడు కరకరమని చప్పుడు చేసినా, మధ్యలో ఆగినా లోపల ఇసుక చేరింది, త్వరలో లెన్స్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ఫోన్ టార్చ్ లెన్స్ మీద ఏటవాలుగా వేసి చూస్తే బూజు సాలెగూడు పోగుల్లా కనబడుతుంది. జూమ్ చేసి తెల్లగోడని ఫోటో తీయండి. ఒకే చోట ప్రతిసారీ మచ్చ కనబడితే సెన్సర్ మీద దుమ్ము. లెన్స్ విప్పలేని కెమెరాలో దాన్ని తుడవాలంటే మొత్తం విప్పదీయాలి. బ్యాటరీ మూత తీసి తుప్పు ఉందేమో, బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి.

8. దుకాణంలో పది నిమిషాల పరీక్ష

సొంత మెమరీ కార్డు జేబులో పెట్టుకెళ్లండి. దుకాణంలో దీపాలు ఇంటి కన్నా చాలా కాంతివంతంగా ఉంటాయి కాబట్టి, కౌంటర్ దగ్గర కాకుండా కాస్త నీడగా ఉన్న మూలకి వెళ్లి ఈ వరసలో చూడండి.

కెమెరా ఆఫ్ చేసి ఉండగా మొదలుపెట్టి, మొదటి ఫోటో తీసే దాకా ఎంతసేపు పడుతుందో మనసులో లెక్కపెట్టండి. రెండు సెకన్లు దాటితే పిల్లి అక్కడ ఉండదు. తర్వాత మీతో వచ్చినవారిని నాలుగు మీటర్ల దూరం నుంచి మామూలు నడకతో మీ వైపు రమ్మని, బరస్ట్‌లో (బటన్ నొక్కి పట్టుకుంటే గబగబా వరసగా తీసే పద్ధతిలో) పది ఫోటోలు తీయండి. ఒక్కోదాంట్లో కన్ను దగ్గర పెద్దది చేసి చూడండి. పదిలో ఏడు కళ్లు తేటగా ఉంటే మంచి ఆటోఫోకస్. నాలుగే ఉంటే ఇంట్లో కుక్కతో రెండు కూడా రావు. బరస్ట్ అయిన వెంటనే ఇంకో ఫోటో తీయబోండి. కార్డులోకి రాసుకుంటూ కెమెరా మొరాయిస్తే ఎంతసేపు ఆగిందో చూడండి.

ఆపైన కెమెరాని ఒక్క చేత్తో, కింది నుంచి, మోకాలి ఎత్తులో పట్టుకుని తీయండి. పాపని ఒక చంకన వేసుకుని తీయాల్సిన రోజులు ఉంటాయి. జారిపోతున్నట్టు అనిపిస్తే ఆ మోడల్ వదిలేయండి. చివరగా, అమ్మే మనిషి సాయం లేకుండా మెనూలో ఐఎస్‌ఓ పరిమితి, జంతువుల ఫోకస్ ఎక్కడున్నాయో వెతకండి. ఇంటికెళ్లాక కార్డులోని ఫోటోలు పెద్ద స్క్రీన్ మీద చూసి, మర్నాడు కొనండి.

9. దానితో పాటు కొనాల్సినవి

64 జీబీ ఎస్‌డీ కార్డులు రెండు, మీద వీ30 అని గుర్తు ఉన్నవి. వీ30 అంటే సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాయగలదని. 4కే వీడియోకీ సరిపోతుంది. 20 మెగాపిక్సెళ్ల జేపెగ్ ఫోటో ఫైలు ఒకటి ఎనిమిది మెగాబైట్లు అనుకుంటే ఒక్కో కార్డులో ఏడు వేలకు పైగా పడతాయి. ఒకే పెద్ద కార్డు కొంటే, అది పోయిన రోజున అన్నీ పోతాయి. నకిలీ కార్డులు చాలా ఉన్నాయి: కంప్యూటర్‌లో 64 జీబీ అని చూపించి, నిజంగా 8 జీబీ దాటగానే ఫోటోలు పాడుచేస్తాయి. కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ ఎఫ్3 గానీ అనే కార్డు పరీక్ష ప్రోగ్రామ్ నడిపి కార్డు నిండా రాసి, తిరిగి చదివించి చూడండి.

బ్యాటరీ ఇంకొకటి. చిన్న కెమెరాలు సీఐపీఏ (కెమెరా తయారీదారుల సంఘం) లెక్క ప్రకారం ఒక్క చార్జింగ్‌కి 200 నుంచి 400 ఫోటోల దాకా ఇస్తాయి. అది ఫ్లాష్ ఉన్న కెమెరాలో సగం ఫోటోలకి ఫ్లాష్ వేసి లెక్కించినది కాబట్టి బరస్ట్‌లో ఎక్కువే వస్తాయి, వీడియో తీస్తే వేగంగా తగ్గిపోతుంది. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీని సగం చార్జింగ్‌తో పక్కన పెట్టండి.

10. మొదటి రోజు సెట్టింగులు

తేదీ, సమయం ముందు పెట్టండి. పదేళ్ల తర్వాత పిల్లల ఫోటోలు వెతికేటప్పుడు దారి చూపేది అదే. ఫోటో నాణ్యత జేపెగ్ ఫైన్. ఆటో ఐఎస్‌ఓ ఆన్ చేసి గరిష్ఠం 6400 పెట్టండి. ఆటో ఐఎస్‌ఓలో కనిష్ఠ షట్టర్ వేగం పెట్టుకునే వీలుంటే 1/250 ఎంచుకోండి. వీలు లేని మోడళ్లలో డయల్‌ని షట్టర్ మోడ్‌కి, అంటే S లేదా Tv అని రాసి ఉన్న గుర్తుకి తిప్పి 1/250 పెట్టి వదిలేయండి, మిగతాది కెమెరా చూసుకుంటుంది. ఐఎస్‌ఓ పెరిగి కాస్త గరుకుగా వచ్చినా ఫర్వాలేదు. గరుకు ఫోటో పనికొస్తుంది, కదిలిన ఫోటో పనికిరాదు.

ఫోకస్‌ని కంటిన్యువస్‌కి (కదిలేదాని వెంటే ఫోకస్ జరుగుతూ ఉండే పద్ధతికి) మార్చండి. బీప్ శబ్దం తీసేయండి, ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపం కూడా. అది మొహాన పడగానే పిల్లి తల తిప్పేసుకుంటుంది. శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పెంపుడు జంతువులకి బాగుంటుంది కానీ, ఎల్ఈడీ బల్బుల కింద ఫోటో నిండా అడ్డంగా చారలు రావచ్చు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట బల్బు సెకనుకి వందసార్లు మినుకుమంటుంది, మన కంటికి తెలియదు, సెన్సర్‌కి తెలుస్తుంది. చారలు కనిపిస్తే మెకానికల్ షట్టర్‌కి మారండి, అది లేకపోతే 1/100 పెట్టండి. 60 హెర్ట్జ్ అయితే 1/120.

నల్ల కుక్క, తెల్ల పిల్లి ఉన్నవాళ్లకి ఇంకో పని. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు చూసినదాన్నల్లా సగటు బూడిదరంగు చేయబోతుంది. ఫ్రేమ్ నిండా నల్ల కుక్క ఉంటే, చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది: బొచ్చు బూడిదగా, వెలిసిపోయినట్టు వస్తుంది, దానికితోడు షట్టర్ వేగమో ఐఎస్‌ఓనో అనవసరంగా చెడుతుంది. ఫోటో వెలుగుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని −0.7 పెట్టండి. ఫ్రేమ్ నిండా తెల్ల పిల్లి ఉంటే +0.7. అదే నల్ల కుక్క వెలుగు నిండిన కిటికీ ముందు కూర్చుంటే లెక్క తిరగబడుతుంది, +1 దాకా కావాలి, లేకపోతే కళ్లు కనిపించని నల్ల ముద్ద మిగులుతుంది. కుక్కని కిటికీకి ఎదురుగా తిప్పి, మీరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే ఈ తిప్పలేవీ లేవు. కంట్లో కిటికీ మెరుపు కూడా పడుతుంది.

షట్టర్ బటన్‌ని ఒకేసారి గట్టిగా నొక్కేయకుండా, ముందు సగం నొక్కి ఫోకస్ పట్టించి, అలాగే పట్టుకుని ఉండి, పాప తల తిప్పిన క్షణంలో పూర్తిగా నొక్కండి. ఆలస్యంగా పడే ఫోటోలు దీనితోనే చాలావరకు తగ్గుతాయి.

11. ఫోటోలు ఎక్కడికి వెళ్లాలి

రోజుకి ఇరవై ఫోటోలు తీస్తే ఏడాదికి ఏడు వేలకు పైగా, దాదాపు 58 జీబీ. వై-ఫై యాప్‌తో ఒకటీ రెండూ ఫోన్‌లోకి పంపుకోవడం తేలికే, వందలు పంపాలంటే విసుగొస్తుంది. కార్డ్ రీడర్‌తో కంప్యూటర్‌లోకి దింపుకోండి. కొన్ని యాప్‌లు మామూలుగా చిన్న సైజు కాపీనే పంపిస్తాయి, అసలు సైజు పంపమని యాప్ సెట్టింగుల్లో మార్చాలి. ఆ చిన్న కాపీని చూసి కెమెరా బాగాలేదనుకునేవాళ్లు చాలామంది.

వారానికి ఒకసారి కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. మూడో కాపీ క్లౌడ్‌లోనో, వేరే ఇంట్లో ఉన్న డిస్క్‌లోనో ఉంటే ఇంకా మంచిది. ప్రతి నెలకీ ఒక ఫోల్డర్, పేరు 2025-06 ఇలా సంవత్సరంతో మొదలుపెడితే వరస తప్పదు. రెండు చోట్ల ఫోటోలు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి. అది కూడా కంప్యూటర్‌లో డిలీట్ చేసి కాదు, కార్డుని కెమెరాలో పెట్టి, కెమెరా మెనూలోని ఫార్మాట్‌తో.